మల్లెలు కార్తీకంలో పూయవు అమ్మాయ్

అమ్మాయ్,

నీ మెసేజ్ వచ్చి నాలుగు రోజులైంది, లేటయినందుకు ఏమనుకోకు, ఉగాది హడావిడి అయ్యీ అవ్వగానే దొడ్లో వేపపువ్వు ఏరి ఎండబెట్టే పని పెట్టుకున్నా, అది ఎండితే డబ్బాలో పోసుకుని ఎప్పుడు కావాలంటే అప్పుడు నేతిలో వేయించి అన్నంలో కలుపుకోవచ్చు. ఇంకోటి, నన్ను మేడం అనకు. మీ అమ్మ నన్ను అక్కా అంటుంది కాబట్టి నీకు పెద్దమ్మనే.

నువ్వు రాసి పంపిన కథ చదివా. అత్తాకోడళ్ళు వంటింట్లో మాట్లాడుకునే చోటు చాలా బావుంది, అత్త అడిగినదానికి కోడలు వెంటనే జవాబు చెప్పకుండా కుక్కర్ మూడో విజిల్ దాకా ఆగుతుంది చూడు, అది నువ్వు కళ్ళారా చూసి రాసింది. కానీ రెండో పేజీలో ఆగిపోయా. కార్తీకమాసం, తెల్లవారుజాము, హీరోయిన్ పెరట్లోకెళ్ళి విరబూసిన మల్లెలు కోసి సజ్జలో వేసుకుంది అన్నావు. ఏ ఊళ్ళో తల్లీ అది? కార్తీకంలో పెరట్లో ఉండేవి చామంతులు, బంతులు. చలికాలంలో మల్లెపొదకి మేం నీళ్ళు ఆపేసి, ఆకు దూసేసి, మూరెడు ఎత్తున కొమ్మలు కత్తిరించేస్తాం, చూసినవాళ్ళు అయ్యో చచ్చిపోయిందా అంటారు, ఆ తర్వాత పశువుల ఎరువేసి మళ్ళీ నీళ్ళు పెడితే చిగురేసి, శివరాత్రి దాటాక మొగ్గ తొడుగుతుంది. పోనీ నెల సంగతి వదిలేద్దాం, మల్లె విచ్చుకునేది రాత్రిపూట కదా. మార్కెట్‌కి వేసేవాళ్ళు తెల్లారగట్ల మొగ్గగానే కోసేస్తారు, మాలాంటి ఇళ్ళవాళ్ళం సాయంత్రం నాలుగింటికి, తెల్లగా లావెక్కిన మొగ్గ ఏదో చూసి గిల్లుతాం, పచ్చమొగ్గ జోలికి పోం, మాల కట్టి తడిగుడ్డలో చుట్టి పెడితే దీపాలవేళకి అందులోనే విచ్చుకుంటాయి. తెల్లారేసరికి పొద మీద మిగిలినవి వాడిపోయి, ముట్టుకుంటే రాలిపోతాయి.

ఇది చిన్న తప్పే, సరిచేసుకోవచ్చు, చామంతులు అని మార్చేస్తే అయిపోతుంది. నాకు దిగులేసింది ఎందుకంటే ఆ మల్లెలు నీ పెరట్లోవి కాదు, ఇంకెవరి కథల్లోంచో రాలిపడినవి. పాతకాలం కవులు కూడా పూల విషయంలో బోలెడు అబద్ధాలు చెప్పారనుకో, ఆడవాళ్ళు కాలితో తన్నితే అశోకం పూస్తుందని, కల్లు పుక్కిలించి ఉమ్మితే పొగడ పూస్తుందని. వసంతంలో జాజి పూసినట్టు రాయకూడదని ఏకంగా రూలే పెట్టుకున్నారు, కవిసమయం అంటారు దాన్ని. వాళ్ళది తెలిసి ముచ్చటపడి చెప్పిన అబద్ధం. నీకేమో చూసుకోక దొర్లింది.

ఇక నువ్వడిగిన లిస్టు. ఈ సమ్మర్‌లో రైటింగ్ ఇంప్రూవ్ అవ్వడానికి ఏ పది పుస్తకాలు చదవాలి, కిందటేడు ముప్పై చదివాను, అన్నిట్లో హైలైటర్‌తో గీశాను, నోట్స్ కూడా రాసుకున్నాను అన్నావు. అంత పెద్ద మెసేజ్‌లో ఎక్కడా ఈ పుస్తకం చదువుతూ అన్నం తినడం మర్చిపోయా పెద్దమ్మా అని ఒక్క ముక్క లేదు. అందుకే లిస్టు ఇవ్వను, అడక్కు.

నా సంగతి చెప్తా విను. 1974 ఎండాకాలం, నాకు పదమూడేళ్ళు, సెలవులకి మా పిన్ని వాళ్ళింటికి పోయాం. పిన్ని వారపత్రికల్లో సీరియల్ పేజీలు చింపి దాచుకుని, అన్నీ అయ్యాక గోనె కుట్టే సూదితో కుట్టి అట్ట వేసేది, అప్పట్లో చాలా ఇళ్ళల్లో ఇలా చేసేవారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దవాళ్ళు తలుపులు దగ్గరగా వేసి పడుకుంటే నేను వేపచెట్టు కింద నులకమంచం మీద బోర్లా పడుకుని ఆ బైండు చదివేదాన్ని, పేజీల మీద వేపపువ్వు రాలుతూనే ఉండేది, ఊదుకుంటూ చదవాలి. మూడు రోజుల్లో చివరికొచ్చేశా, తీరా చూస్తే ఆఖరి వారం లేదు! పిన్నిని అడిగితే ఆ వారం పుస్తకం ఎవరో పట్టుకెళ్ళి ఇవ్వలేదే అంది. సాయంత్రం అందరికీ పూలజడలు వేసి ఫోటో స్టూడియోకి తీసుకెళ్ళారు, జడ కనపడాలని వెనకాల అద్దం పెట్టి తీస్తారే, ఆ ఫోటో. అందులో నా మొహం చూడు ఒకసారి ఇంటికొస్తే, నవ్వమంటే దిక్కులు చూస్తూ ఉంటా, ఎందుకంటే ఆ సీరియల్లో పిల్లకి పెళ్ళయిందా లేదా అని లోపల అదే గొడవ. ఆ రాత్రి డాబా మీద పడుకుని ముగింపు నేనే కట్టుకున్నా, మర్నాడు ఇంకోటి, ఆ మర్నాడు ఇంకోటి. నేను మొట్టమొదట కట్టిన కథ అదే, కాగితం మీద పెట్టలేదంతే. చాలా ఏళ్ళకి అసలు ముగింపు దొరికింది, చదివితే నాదే బావుందనిపించింది (ఆ మాత్రం పొగరు లేకపోతే రాయలేం లే). ఇప్పటికీ వేపపూత వాసనొస్తే నాకు ఆ సీరియల్ గుర్తొస్తుంది.

అదే నీకు కావాలి. నీ ముప్పై పుస్తకాల్లో ఒక్కదానికైనా వాసన ఉందా?

అయినా ఏదో ఒకటి చెప్పమని సతాయిస్తావు కాబట్టి, పాత చందమామలు చదువు. పిల్లల పుస్తకం కదా అనకు, 1952 నుంచి 1980లో పోయేదాకా దాన్ని నడిపింది కొడవటిగంటి కుటుంబరావు గారు, పెద్దవాళ్ళ కోసం అన్ని కథలూ నవలలూ రాసిన మనిషి నెలనెలా కూర్చుని బేతాళుడి వాక్యం సాఫు చేసేవాడు. అందులో అలవోకగా పోయే తెలుగు ఉంటుంది, మధ్యలో ఎక్కడా ఆగాలనిపించదు. కానీ టెక్నిక్ వెతుకుతూ చదివావంటే ఊరుకోను. పడుకుని చదువు, పక్కన తాటిముంజలు పెట్టుకో, నిద్రొస్తే పుస్తకం మొహం మీద వేసుకుని నిద్రపో. లైబ్రరీకి వెళ్తే పేరు చూడకుండా అట్ట నచ్చిందాన్ని తెచ్చుకో, ఇరవై పేజీలకి బోర్ కొడితే తిరిగిచ్చేయ్, ఎవరూ మార్కులు తియ్యరు. ప్రతి పుస్తకం పూర్తి చెయ్యాలనేది నీకెవరు చెప్పారో కానీ, చెడగొట్టారు.

మా గోడ మీద రాధామనోహరం తీగ ఉంది, పన్నెండేళ్ళ కిందట కడియం నర్సరీ నుంచి తెచ్చిన మొక్క. సాయంత్రం విచ్చినప్పుడు పువ్వు తెల్లగా ఉంటుంది, సన్నగా పొడుగ్గా కాడ వేలాడుతూ, మర్నాటికి గులాబీ రంగు తిరుగుతుంది, ఆ మీదట ఎర్రబడిపోతుంది. ఒక్క గుత్తిలోనే మూడు రంగులూ ఉంటాయి కాబట్టి వేర్వేరు పూలనుకుంటారు చాలామంది, నేనూ అలాగే అనుకున్నా మొదట్లో, ఓ పువ్వుకి దారం ముక్క కట్టి చూస్తే అప్పుడు తెలిసింది. తెల్లగా ఉన్న రాత్రి వాసన ఘుమ్మని కొడుతుంది, చీకట్లో పెద్ద రెక్కల పురుగులు రొద చేసుకుంటూ వచ్చి ఆ పొడుగు కాడలోకి నాలుక పెడతాయి. ఇది నీ కథలో పెట్టమని చెప్పట్లేదు, పెట్టావంటే పట్టేసుకుంటా. దారం కట్టిన సంగతి చెప్తున్నానంతే.

ఆదివారం రాజమండ్రి వచ్చెయ్. నాలుగు లోపు రా, లేటయితే మొగ్గలన్నీ పక్కింటి పిల్లలు గిల్లుకుపోతారు. మే పువ్వు దుంపలు ఇంకా మట్టిలోనే ఉన్నాయి, ఓ వాన పడితే గానీ బయటికి రావు, నీకు రెండు తవ్విస్తా. అటక మీద రెండు పెట్టెల పుస్తకాలున్నాయి, నీకు నచ్చినవి పట్టుకెళ్ళు, పిన్ని బైండు మాత్రం ఇవ్వను, ఇక్కడే కూర్చుని చదువుకో. ఆఖరి వారం దొరికింది కానీ దాన్ని అందులో కుట్టలేదు.

సంచి తెచ్చుకో. హైలైటర్ తేకు.

మీ పెద్దమ్మ