అపమిన్ దొరకడం లేదంటే ముందు డిటెక్టర్ ఎక్కడ పెట్టారో చూడండి

తేనెటీగ విషాన్ని జెల్ ఫిల్ట్రేషన్ (అణువులను సైజును బట్టి వేరుచేసే పద్ధతి) చేస్తే అందులోని చిన్న పెప్టైడ్ (అమైనో ఆమ్లాల గొలుసు) అపమిన్ జాడే లేదని, మరో పెప్టైడ్ మెలిటిన్‌ ఏమో ఫాస్ఫోలైపేజ్ ఏ2 అనే ఎంజైమ్‌తో కలిసిపోయి వస్తోందని మీరు రాశారు. నేనూ ఈ రెండింటితోనే నెలల తరబడి తంటాలు పడ్డాను.

కాలమ్ నుంచి వచ్చేదాన్ని కాంతి శోషణతో పసిగట్టే డిటెక్టర్‌ని 280 నానోమీటర్ల దగ్గరే పెట్టారా? నేను అలాగే పెట్టాను. అక్కడ బాగా కనబడాలంటే పెప్టైడ్‌లో ట్రిప్టోఫాన్ గానీ టైరోసిన్ గానీ ఉండాలి. మెలిటిన్‌లో 19వ స్థానంలో ట్రిప్టోఫాన్ ఉంది. అపమిన్‌లో ఉన్న 18 అమైనో ఆమ్లాల్లో ఈ రెండూ లేవు. పైగా ఎండు విషంలో అది 2, 3 శాతమే. డిటెక్టర్ గీత చదునుగా ఉంది కదా అని చివరి ట్యూబులన్నీ సింకులో పారబోశాను. తర్వాతి బ్యాచ్‌ని పెప్టైడ్ బంధాలన్నీ కనబడే 214 నానోమీటర్ల దగ్గర చూస్తే, సరిగ్గా ఆ ట్యూబుల్లోనే చక్కటి పీక్! ఒక్కో ఈగ ఇచ్చేది సుమారు 0.1 మిల్లీగ్రాము ఎండు విషం. గ్రాము కావాలంటే 10,000 ఈగలు. అది తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.

ఇక మెలిటిన్ సంగతి. ఒక్కో అణువు 2,847 డాల్టన్లే (అణువుల బరువు కొలత) అయినా ఉప్పు, గాఢత ఎక్కువైతే నాలుగేసి జట్టు కడతాయి. అప్పుడు 11,000 దాటి ఫాస్ఫోలైపేజ్‌కి దగ్గరగా దిగుతుంది. ఉప్పు తగ్గించి, ఆమ్ల బఫర్‌లో, పలచగా లోడ్ చేయండి. ఆ తర్వాత సి18 కాలమ్ (నీటిని ఇష్టపడని అణువులను గట్టిగా పట్టుకునేది) మీద అసిటోనైట్రైల్ ద్రావకాన్ని క్రమంగా పెంచుతూ పోతే అపమిన్ ముందు వస్తుంది, మెలిటిన్ అందరికంటే ఆఖరున.

పీక్ ఒక్కటే ఉందని మాత్రం నమ్మేయకండి. ఫాస్ఫోలైపేజ్ చర్య మిగిలి ఉందేమో విడిగా పరీక్షించండి. మెలిటిన్‌ పక్కన అది కొంచెం ఉన్నా కణాలను పగలగొట్టడంలో రెండూ ఒకదానికొకటి తోడవుతాయి. ఫలితమంతా మెలిటిన్‌దేనని మీరు రాసేస్తారు. పైగా విషంలో ముఖ్యమైన అలర్జీ కారకం ఆ ఫాస్ఫోలైపేజే. సి18 దశలో ట్రైఫ్లోరోఅసిటిక్ ఆమ్లం వాడితే, కణాల మీద వేసే ముందు పెప్టైడ్ లవణాన్ని అసిటేట్‌కి మార్చుకోండి.

గాజు పలక మీది ఎండు విషాన్ని బ్లేడుతో గీకేటప్పుడు మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి. మొదటిరోజు నేను అవి లేకుండానే కూర్చుంటే ఆ పొడి లేచి తుమ్ములు ఆగలేదు, సాయంత్రం దాకా గొంతు మండింది. మీ ల్యాబ్‌లో ఎవరికైనా తేనెటీగ కుడితే పడకపోతే, ఆ పని జరుగుతున్నంతసేపూ వాళ్లను ఆ గదిలోకి రానివ్వకండి.