మందుల ట్రయల్స్‌లో ఉద్యోగం: మా అమ్మాయిని పంపొచ్చా?

ప్రశ్న: నమస్కారం మేడమ్. మాది కొత్తగూడెం దగ్గర ఊరు. నేను అంగన్‌వాడీ టీచర్‌ని. మా అమ్మాయి హైదరాబాద్‌లో ఫార్మ్-డి (ఆరేళ్ల ఫార్మసీ కోర్సు) ఆఖరి ఏడాది చదువుతోంది. ఒక పెద్ద ఆసుపత్రిలో క్లినికల్ ట్రయల్ కోఆర్డినేటర్‌గా ఉద్యోగం వచ్చింది, ఇంకో నెల రోజుల్లో చేరాలి అంటోంది. నాకేమో ఆ పేరు వింటేనే భయం. 2009లో మా అక్క కూతురు హాస్టల్లో ఉన్నప్పుడు క్యాన్సర్ రాకుండా అని ఒక టీకా వేశారు. వేసిన సంగతి మా అక్కకు తర్వాతెప్పుడో తెలిసింది. పిల్లకు ఏమీ కాలేదు గానీ ఆ రోజులు మరిచిపోలేం. మనుషుల మీద మందులు ప్రయోగించే పనిలో మా పిల్ల ఎందుకు అనిపిస్తోంది. ఈ ఉద్యోగం వద్దు, లక్షన్నర కట్టి క్లినికల్ రీసెర్చ్ కోర్సు చేస్తే పెద్ద కంపెనీలో చేరొచ్చని ఆమె స్నేహితురాలు ఒకరు చెప్పారట. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ భయం ఊరికే పుట్టింది కాదు. అందుకే ముందు మీ అక్కగారి అమ్మాయి దగ్గర్నుంచే మొదలుపెడతాను, ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం.

2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. దాదాపు 14 వేల మందికి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే టీకా అది. అప్పటికే మన దేశంలో అమ్మడానికి అనుమతి ఉంది. అందుకే దాన్ని ట్రయల్ అనకుండా ‘ప్రదర్శన ప్రాజెక్టు’ అన్నారు. తర్వాత కొందరు బాలికలు చనిపోయారన్న వార్తలు రావడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలు టీకా వల్ల జరిగినవి కావని విచారణలో తేల్చారు. కానీ అదే విచారణలో ఇంకో సంగతి బయటపడింది. ఎంతోమంది పిల్లల సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రుల సంతకాలు లేవు. హాస్టల్ వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు పెట్టేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం కూడా దీన్ని గట్టిగా తప్పుపట్టింది.

కాబట్టి మీ అక్కగారికి జరిగిన అన్యాయం టీకా మందులో లేదు, ఆమెను అడగకపోవడంలో ఉంది. ఆ అడిగే పని సరిగ్గా జరిగేలా చూడడమే మీ అమ్మాయికి వచ్చిన ఉద్యోగంలో సగం. మీరు భయపడుతున్న చోటే ఆమె కూర్చోబోతోంది, కాకపోతే ఈసారి అడిగే వాళ్ల వైపు.

ఈ ట్రయల్స్ అంటే ఏమిటో కోవాగ్జిన్‌తో చెప్తాను, అది మనందరికీ తెలిసిందే కదా. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసిన ఆ టీకాను ముందు జంతువుల మీద చూశారు. మొదటి దశలో 375 మందికి ఇచ్చారు, మన నిమ్స్‌లో కూడా. అక్కడ చూసేది ముఖ్యంగా ఒకటే, ఇది మనిషికి హాని చేయకుండా ఉందా అని. రెండో దశలో 380 మంది. ఏ మోతాదు అయితే శరీరం బాగా స్పందిస్తుందో తేల్చేది అందులో. మూడో దశలో దాదాపు 25,800 మంది. వాళ్లలో సగం మందికి టీకా, సగం మందికి అలాగే కనిపించే ఉత్తుత్తి మందు. ఎవరికి ఏది పడిందో వేయించుకున్న వాళ్లకూ తెలియదు, వేసిన వాళ్లకూ తెలియదు. రెండు డోసులూ అయ్యాక లక్షణాలతో కోవిడ్ వచ్చినవాళ్లు 130 మంది. అప్పుడు చీటీలు విప్పి చూస్తే 106 మంది ఉత్తుత్తి మందు గ్రూపు వాళ్లు, 24 మంది టీకా గ్రూపు వాళ్లు. టీకా పనిచేసిందని తెలిసింది ఈ రెండు అంకెల తేడా వల్లే. ఎవరో పెద్ద డాక్టర్ నమ్మకంగా చెప్పినందుకు కాదు. మందు బజారులోకి వచ్చాక కూడా నాలుగో దశ పేరుతో కన్నేసి ఉంచుతారు, లక్షల మంది వాడితే గానీ బయటపడని ఇబ్బందులు కొన్ని ఉంటాయి కనుక.

ఇంకొకటి చెప్పాలి, నాకు చాలా ఇష్టమైన సంగతి. పాత రోజుల్లో టీబీ వస్తే మదనపల్లె లాంటి చోట్ల శానటోరియంలో, అంటే టీబీ ఆసుపత్రిలో, నెలల తరబడి మంచం పట్టాల్సిందే, అదీ మంచం దొరికితే. 1956లో మద్రాసులో ఒక ట్రయల్ మొదలైంది. 193 మంది రోగులను చీటీలు తీసినట్టు రెండు భాగాలు చేశారు. కొందరికి శానటోరియంలో వైద్యం, మిగతా వాళ్లకు ఇంట్లోనే ఉంటూ మాత్రలు. ఇంట్లో ఉన్నవాళ్లు పేదలు, ఇరుకు ఇళ్లు, సరైన తిండి లేదు. అయినా ఏడాది తిరిగేసరికి రెండు వైపులా ఇంచుమించు ఒకేలా నయమయ్యారు. ఇంట్లో వాళ్లకు జబ్బు అంటుకోవడం కూడా ఎక్కువేమీ కాలేదు. 1959లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి, ప్రపంచం మొత్తం దారి మార్చుకుంది. ఈ రోజు మీ ఊళ్లో టీబీ వచ్చినవాళ్లు ఇంట్లో కూర్చుని మాత్రలు వేసుకుంటున్నారంటే దాని వెనుక ఆ 193 మంది ఉన్నారు. మన దగ్గర, మనలాంటి వాళ్ల మీద జరిగిన ట్రయల్ కాబట్టే మనకు పనికొచ్చే జవాబు వచ్చింది.

ఇప్పుడు మీ అమ్మాయి చేయబోయే పని. కిందటేడు నలుగురు విద్యార్థుల్ని తీసుకుని హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రికి వెళ్లాను, ఈ పని ఎలా ఉంటుందో చూపిద్దామని. చిన్న గది, బల్ల, మూడు కుర్చీలు. సూర్యాపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఆయన కొడుకు ఉన్నారు. ఆయన సరేనంటేనే మమ్మల్ని లోపల కూర్చోనిచ్చారు. షుగర్‌కి కొత్త మాత్ర ట్రయల్ అది. డాక్టర్‌గారు విషయం చెప్పాక కోఆర్డినేటర్ అమ్మాయి సమ్మతి పత్రం తెరిచి ఒక్కో పేజీ నెమ్మదిగా వివరించింది. “కొందరికి కొత్త మందు, కొందరికి ఇప్పుడు వాడుతున్న మందే. మీకేది వస్తుందో కంప్యూటర్ తీస్తది తాతా. సార్‌కీ తెల్వదు, నాకూ తెల్వదు.” ఆయన వెంటనే పట్టుకున్నాడు. “డాక్టర్‌కే తెల్వకుంటే నాకేమన్న అయితే ఎట్ల?” ఆ అమ్మాయి తడబడలేదు. అత్యవసరమైతే ఏ మందు ఇచ్చారో అప్పటికప్పుడు తెలుసుకునే ఏర్పాటు ఉంటుందని, ఏ రాత్రయినా ఫోన్ చేయొచ్చని, మందు వల్ల ఇబ్బంది వస్తే వైద్యం ఖర్చు ఆయన మీద పడదని చెప్పింది. చివర్లో డాక్టర్‌గారు, “ఇప్పుడు మీకేం అర్థమైందో మీరు చెప్పండి” అన్నారు. పెద్దాయన వేళ్లు మడుస్తూ చెప్పాడు. “నడుమల వద్దనుకుంటే బంద్ చేయొచ్చు. బంద్ చేసినా ఇక్కడ నన్ను చూసుడు ఆపరు.” అన్నీ చెప్పి, సంతకం మాత్రం ఆ రోజు పెట్టలేదు. పెద్ద బిడ్డను అడిగి వస్తానన్నాడు. ఆ అమ్మాయి కాగితాలు మడిచి కవర్లో పెట్టి, పైన తన నంబర్ పెద్ద అంకెలతో రాసి చేతికిచ్చింది. ఒక్క మాట కూడా తొందర పెట్టలేదు. బయటికొచ్చాక మా పిల్లలతో అన్నాను, మీరు నేర్చుకోవాల్సింది ఆ కవరు దగ్గరే ఉందని.

ఇదంతా ఆ ఆసుపత్రి మంచితనం మీద ఆధారపడిన వ్యవహారం కాదు. ‘కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు’ అని 2019లో ప్రభుత్వం తెచ్చిన రూల్స్ ఉన్నాయి. ట్రయల్‌లో చేరేవాళ్లకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ ఒప్పుకోనిదే ట్రయల్ మొదలు కాదు. ఆ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి, సగం మంది ఆ ఆసుపత్రికి సంబంధం లేనివాళ్లు కావాలి. లాయరు, ఒక మహిళ, వైద్యంతో పనిలేని ఒక సామాన్యుడు తప్పనిసరి. చదవడం రాని వాళ్లయితే వేలిముద్రతో పాటు నిష్పక్షపాతంగా ఉండే సాక్షి సంతకం కావాలి. బలహీన స్థితిలో ఉన్నవాళ్ల మీద సరికొత్త మందు ట్రయల్ అయితే సమ్మతి తీసుకోవడాన్ని వీడియో తీయాలి. పిల్లలైతే తల్లో తండ్రో లేక చట్టప్రకారం సంరక్షకులో సంతకం పెట్టాలి, ఏడేళ్లు దాటిన పిల్లల్ని వాళ్ల ఇష్టం కూడా అడగాలి. ట్రయల్‌లో ఎవరికైనా ప్రాణం మీదికి వచ్చేది ఏం జరిగినా 24 గంటల్లోపు పైకి రిపోర్ట్ వెళ్లాలి. మందు వల్లే అని తేలితే పరిహారం ఇవ్వాలి. ప్రతి ట్రయల్‌నూ మొదలుపెట్టక ముందే సీటీఆర్‌ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. ఫోన్‌లో ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు.

రూల్స్ ఉన్నంత మాత్రాన అన్నిచోట్లా ఇలాగే జరుగుతోందని మీతో అబద్ధం చెప్పను. తొందరగా మనుషుల్ని చేర్చమని ఒత్తిడి పెట్టేవాళ్లు ఉన్నారు. నిన్నటి తేదీ ఈ రోజు వేయమనేవాళ్లు ఉన్నారు. నా దగ్గర చదివిన ఒక అబ్బాయి అలాంటి చోట చేరి, మూడో నెలలో మానేసి వచ్చాడు. అందుకే ఎక్కడ చేరుతోందన్నది ముఖ్యం. ఇంటర్వ్యూ అయిపోయినా సరే, చేరేముందు మీ అమ్మాయి కొన్ని విషయాలు అడిగి తెలుసుకోవాలి. ఒక కోఆర్డినేటర్‌కి ఎన్ని ట్రయల్స్ అప్పగిస్తారు? డాక్టర్ స్వయంగా కూర్చుని సమ్మతి తీసుకుంటారా, లేక కోఆర్డినేటర్ మీద వదిలేస్తారా? చట్టప్రకారం ఆ బాధ్యత డాక్టర్‌దే. పత్రాలు మంచి తెలుగులో ఉన్నాయా? జీతం ఇచ్చేది ఆసుపత్రా, లేక ఆసుపత్రుల తరఫున ట్రయల్స్ పనులు చూసే బయటి సంస్థా (ఎస్‌ఎంఓ అంటారు)? ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇమ్మంటే మాత్రం ఆ ఉద్యోగం వద్దు. నేను ఇంత ఖరాఖండిగా చెప్పేది ఆ ఒక్క విషయంలోనే.

రోజువారీ పని ఎలా ఉంటుందంటే, ఓపిక ఉన్నవాళ్లకే నచ్చుతుంది. రోగి తిరిగి తెచ్చిన మాత్రల స్ట్రిప్పులు లెక్కపెట్టాలి. 28 ఇచ్చాం, ఆరు మిగలాలి, ఎనిమిది ఉన్నాయి అంటే ఆ రెండూ ఎందుకు మిగిలాయో అడిగి ఉన్నది ఉన్నట్టు రాయాలి. “ఊళ్లో జాతర, మర్చిపోయిన” అంటే అదే రాయాలి. మందుల ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందో లేదో రోజూ చూసి నమోదు చేయాలి. రక్తం శాంపిల్స్ వేళకు కొరియర్‌కి అందాలి. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం, తేదీ వేయాలి. వైట్‌నర్ పూయకూడదు. మొదట్లో జీతం తక్కువే ఉంటుంది, సాఫ్ట్‌వేర్‌లో చేరిన బంధువుల పిల్లలతో పోల్చి టెన్షన్ పడకండి.

రెండేళ్లు ఇలా చేస్తే దారులు తెరుచుకుంటాయి. ఆసుపత్రులు తిరిగి ట్రయల్స్ సరిగ్గా జరుగుతున్నాయా అని తనిఖీ చేసే సీఆర్‌ఏ ఉద్యోగం ఉంది, ప్రయాణాలు ఎక్కువ. మందుల దుష్ఫలితాల రిపోర్టులు పరిశీలించే ఫార్మకోవిజిలెన్స్ ఉంది, ఆఫీసులో కూర్చుని చేసే పని, కొన్నిచోట్ల షిఫ్టులు ఉంటాయి. డేటా మేనేజ్‌మెంట్, మెడికల్ రైటింగ్, మందుల అనుమతుల పని చూసే రెగ్యులేటరీ అఫైర్స్ కూడా ఉన్నాయి. వీటన్నిటికీ హైదరాబాద్, బెంగళూరుల్లో అవకాశాలు బాగానే ఉన్నాయి. ఫార్మ్-డి పిల్లల్లో చాలామంది నేరుగా ఆఫీసు ఉద్యోగానికే వెళ్లాలనుకుంటారు. నా అభిప్రాయం వేరు. రోగి మొహం చూసి పనిచేసినవాళ్లు తర్వాత స్క్రీన్ మీద ఒక అంకె చూసినా దాని వెనుక మనిషిని చూడగలరు. ఆ ముందు రెండేళ్లు ఎక్కువ విలువైనవి.

లక్షన్నర కోర్సు సంగతి. వద్దమ్మా. ఫార్మ్-డి అయిదో ఏడాదిలోనే క్లినికల్ రీసెర్చ్ ఒక సబ్జెక్టు. వార్డుల్లో తిరగడం, కేస్ షీట్లు చదవడం మీ అమ్మాయికి ఇప్పటికే అలవాటు. దాని మీద కావాల్సింది జీసీపీ సర్టిఫికెట్, అంటే ట్రయల్స్ నడిపే అంతర్జాతీయ పద్ధతుల పరీక్ష. ద గ్లోబల్ హెల్త్ నెట్‌వర్క్ వెబ్‌సైట్‌లో అది ఉచితంగా చేసుకోవచ్చు. ఒక ఆదివారం కూర్చుంటే అయిపోతుంది. నూటికి నూరు ప్లేస్‌మెంట్ అనే ఇన్‌స్టిట్యూట్లు చివరికి ఇప్పించేది కూడా చాలావరకు ఇలాంటి కోఆర్డినేటర్ ఉద్యోగాలే. చేతిలో ఉన్నదాన్ని వదులుకుని, దానికోసం డబ్బు కట్టడం ఎందుకు? ఆ లక్షన్నర ఉంటే దాచండి. రెండేళ్ల తర్వాత పైచదువు మీద మనసుంటే అప్పుడు పనికొస్తుంది.

ఇంకా నెల టైముంది కదా. అమ్మాయి ఇంటికి వచ్చినప్పుడు మీ అక్కగారిని కూడా పిలవండి. ఒక ట్రయల్‌లో చేరడానికి వచ్చిన రోగికి చెప్పినట్టు మీ ఇద్దరికీ చెప్పమనండి. ఏం మందు, ఎందుకు, ఏం ప్రమాదం, ఎప్పుడు మానుకోవచ్చు, ఎవరికి ఫోన్ చేయాలి, అన్నీ మన మాటల్లో, ఒక్క ఇంగ్లీషు టెర్మ్ దాటేయకుండా. మీకు అర్థం కాని చోట ఆపి అడగండి. మీ అక్కగారికి 2009 నుంచి మనసులో ఉన్న ప్రశ్నలు కొన్ని ఉంటాయి, వాటిని కూడా అడగనివ్వండి. మీ అమ్మాయి ఎలా జవాబు చెప్పిందో నాకు రాయండి.