రెండేళ్ల రీసెర్చ్ ప్రాజెక్టు: చేరాలా, వద్దా?

ప్రశ్న: మా అమ్మాయి ఫారెస్ట్రీలో డిగ్రీ పూర్తి చేసింది. పొలాల్లో చెట్ల పెంపకం మీద మూడు సంస్థలు కలిసి చేస్తున్న ఒక రీసెర్చ్ ప్రాజెక్టులో ఫీల్డ్ అసిస్టెంట్‌గా రెండేళ్లకు తీసుకుంటామన్నారు. పర్మనెంట్ కాదు. పోటీ పరీక్షలకు చదువుకోమని మేం అంటున్నాం, తనేమో వెళ్తానంటోంది. రెండేళ్లు వృథా అవుతాయేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: పర్మనెంట్ కాదన్నది నిజమేనండి, రేపు అవుతుందని ఆశ కూడా పెట్టుకోవద్దు. ఇవన్నీ గ్రాంటు మీద నడిచేవి, గ్రాంటు అయిపోయిన రోజే జీతం ఆగిపోతుంది. అయినా నేను పంపించమనే అంటాను, కాకపోతే చేరే ముందు కొన్ని సంగతులు తేల్చుకుని.

మూడు సంస్థలు ఊరికే కలవవు. 1970ల చివర్లో నైజీరియాలోని ఐఐటీఏ అనే పరిశోధన సంస్థ సుబాబుల్ లాంటి చెట్లను వరుసలుగా పెంచి, మధ్యలో మొక్కజొన్న లాంటి పంటలు వేసి, ఎప్పటికప్పుడు కొమ్మలు కొట్టి ఆ ఆకునే నేలకు ఎరువుగా వేసే పద్ధతి మీద పని మొదలుపెట్టింది. పరిశోధన క్షేత్రంలో ఫలితాలు బాగానే వచ్చాయి గానీ రైతులు పెద్దగా అందుకోలేదు, ఎందుకంటే కొమ్మలు కొట్టే పని సరిగ్గా పొలం పనులు ముమ్మరంగా ఉన్నప్పుడే వచ్చి పడుతుంది, నీళ్లు తక్కువైన చోట చెట్టు వేళ్లు పంటతో పోటీకి దిగుతాయి, పైగా భూమి తనది కానివాడు చెట్టెందుకు నాటుతాడు? అదే నైజర్ దేశంలో 1980ల నుంచి రైతులు తమ చేలల్లో పాత మొదళ్ల నుంచి వచ్చే చిగుళ్లను కొట్టేయకుండా కాపాడుకుంటూ పోతే అది సుమారు 50 లక్షల హెక్టార్లకు పాకింది. అందుకే ఇప్పుడు చెట్ల శాస్త్రవేత్త, పంటల శాస్త్రవేత్త, ఖర్చు లెక్కలు చూసే ఆర్థికవేత్త, రైతు కలిసి కూర్చుంటేనే ప్రాజెక్టు అనిపించుకుంటుంది. వీళ్లందరి మాటా అర్థమయ్యేవాళ్లు తక్కువ, మీ అమ్మాయికి ఉన్న అవకాశం అక్కడే ఉంది.

పని మాత్రం సినిమాల్లో చూపించినట్టు ఉండదు. చెట్టు లావు కొలవాలంటే నేల నుంచి ఎంత ఎత్తులో టేపు చుట్టాలో ముందే రాసుకుంటారు, చాలా దేశాల్లో అది 1.3 మీటర్లు. వాలు నేలైతే ఎగువ వైపు నిలబడి కొలవాలి, ఆ ఎత్తుకు కింద చెట్టు రెండుగా చీలితే రెండు కాండాలుగా రాయాలి. మట్టిలో కార్బన్ ఎంతుందో లెక్క కట్టాలంటే మట్టి సాంద్రత కూడా తెలియాలి, అందుకు ఇనుప రింగును మట్టి అణగకుండా దింపి, తీసిన మట్టిని ఓవెన్‌లో 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆరబెట్టి తూకం వేస్తారు. ఒక టీమ్ 15 సెంటీమీటర్ల లోతు వరకు, ఇంకో టీమ్ 30 వరకు తీస్తే ఆ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టడానికి పనికిరావు. ఉమ్మడి ప్రాజెక్టుల్లో సగం గొడవలు ఇలాంటి చోటే పుడతాయి. ఈ క్రమశిక్షణ అలవాటైన పిల్లలకు తర్వాత పీజీ థీసిస్ అంత కష్టమనిపించదు.

స్టాటిస్టిక్స్ అంటే తనకు భయమా? అయితే ఇప్పుడే మొదలుపెట్టమనండి, లెక్కలకు వాడే ఆర్, మ్యాపులకు వాడే క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితమే. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో 1843 నుంచి నడుస్తున్న గోధుమ పొలం ప్రయోగం లెక్కలు పేరుకుపోతే, వాటిని తేల్చడానికి 1919లో ఫిషర్ అనే స్టాటిస్టిక్స్ నిపుణుణ్ని పెట్టుకున్నారు, ఈ రోజు వాడుతున్న ప్రయోగ పద్ధతుల్లో చాలావరకు అక్కడే పుట్టాయి. కొలిచి వచ్చేవాళ్లు చాలామంది దొరుకుతారు, ఆ కొలతల్లోంచి జవాబు రాబట్టేవాళ్లనే ఎవరూ వదులుకోరు.

ఇక చేరే ముందు ఏం అడగాలంటే: జీతం మూడు సంస్థల్లో ఎవరిస్తారు, రోజువారీగా ఎవరికి జవాబు చెప్పాలి (ముగ్గురు బాసులుంటే నలిగిపోతుంది), గ్రాంటు ఎన్నో ఏడాదిలో ఉంది, తను సేకరించిన డేటాలో కొంత భాగాన్ని పీజీకి వాడుకోవచ్చా, పేపర్ వస్తే రచయితల్లో తన పేరు ఉంటుందా. చివరి ఏడాదిలో చేరితే రిపోర్టులు టైప్ చేయడం తప్ప నేర్చుకునేదేం ఉండదు. మొదట్లో చేరితే పొలంలో ప్రయోగానికి ప్లాట్లు వేయడం దగ్గర్నుంచి అన్నీ చూస్తుంది. ఫీల్డ్‌లో బస, ప్రయాణం, ఇన్సూరెన్స్ సంగతి మీరే దగ్గరుండి అడిగించండి, అందులో మొహమాటం అక్కర్లేదు.

పరీక్షల విషయానికొస్తే, వయోపరిమితి దగ్గర పడకపోతే రెండేళ్లు పోయాయని బాధపడక్కర్లేదు. ఫీల్డ్ సీజన్ అయ్యాక కాస్త తీరిక ఉంటుంది, చదివేవాళ్లు చదువుతారు. ఈ అనుభవంతో సిఫార్-ఇక్రాఫ్ లాంటి అంతర్జాతీయ అటవీ పరిశోధన సంస్థల ఇంటర్న్‌షిప్‌లకు, యూరప్‌లో ఎరాస్మస్ ముండస్ అనే పథకం కింద కొన్ని యూనివర్సిటీలు కలిసి నడిపే మాస్టర్స్ కోర్సులకు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు.

ఆ ప్రశ్నలన్నీ తననే మెయిల్‌లో రాసి ప్రాజెక్టు హెడ్‌కు పంపమనండి. అన్నింటికీ సూటిగా జవాబిస్తే ఆపకండి. డేటా, పేపర్ గురించి ‘తర్వాత చూద్దాంలే’ అంటే మాత్రం ఇంకో ప్రాజెక్టు వెతుక్కోమనండి.