కుర్చీ భాగాలకు స్టెయిన్ (చెక్కకు పట్టించే రంగు) ముందు వేయాలా, అతికించాక వేయాలా?

వీలైతే స్టెయిన్, దాని మీది పాలిష్ రెండూ ముందే వేయండి, కానీ అతుకు పడే చోట మాత్రం వద్దు. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు చెక్క పీచులోకి ఇంకి పట్టుకుంటుంది. పైన పాలిష్ పొర ఉంటే అది చెక్కను కాకుండా ఆ పొరను పట్టుకుంటుంది; నాలుగు రోజులు కూర్చుంటే కాలు ఊడి చేతికొస్తుంది. అందుకే రంధ్రంలోకి దూరే కాలి కొసకు మాస్కింగ్ టేప్ చుట్టి, ఆ తర్వాతే రంగు జోలికి వెళ్లాలి.

ముందే వేస్తే ఇంకో లాభం. అతుకు నుంచి పొంగిన జిగురు రంగు వేయని చెక్క మీద ఆరితే అక్కడ స్టెయిన్ పట్టదు, తెల్లటి మచ్చ మిగులుతుంది. పాలిష్ మీదైతే కాస్త గట్టిపడ్డాక ఉలి కొసతో లేపితే ముక్కలా ఊడొస్తుంది.

చట్రంలో పలక బిగించే తలుపులకైతే ముందే వేయడం తప్పనిసరి అంటాను. ఎండాకాలంలో పలక అడ్డంగా కుంచించుకుపోయి, రంగు తగలని అంచు చారలా బయటపడుతుంది.

శాండ్‌పేపర్ పని మాత్రం అన్నిటికంటే ముందే. పాలిష్ బాగా ఆరకుండా క్లాంపులు (జిగురు ఆరేదాకా అతుకును నొక్కి పట్టే బిగింపులు) బిగించారో, వాటి అచ్చులు పడతాయి.