సీసాతో పాటు గడియారం కూడా పట్టుకెళ్లు

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

కొల్లేరు నీటి పరీక్షలు నీకు అప్పగించారని తెలిసింది. అక్కడి నీళ్లు పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా ఉంటాయి. టైము రాయని రీడింగు నా లెక్కలో చిత్తు కాగితమే.

వేసవిలో చాలాచోట్ల మనిషి లోతు కూడా ఉండదు. ఎండెక్కేకొద్దీ నాచు కార్బన్ డయాక్సైడ్‌ను లాగేస్తుంది. అందుకే మధ్యాహ్నానికి పీహెచ్, అంటే నీటి ఆమ్ల-క్షార గుణం చెప్పే అంకె, 9 దాటినా కంగారుపడకు. రాత్రి నాచు, చేపలు, అడుగు బురద అన్నీ ఆక్సిజన్‌నే తింటాయి. అందుకని తెల్లారకముందు ఒకసారి, మధ్యాహ్నం మూడింటప్పుడు మరోసారి అదే చోట చూడు. పీహెచ్ అక్కడికక్కడే, దోనెలోనే చూడాలి.

నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిచే దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు. దోనె ఆపాక లేచిన బురద తేరుకోనివ్వు. 300 మి.లీ. సీసాను గుడగుడమని ముంచితే గాలి కలిసి అంకె పెరుగుతుంది. రబ్బరు గొట్టం అడుగుదాకా పెట్టి, రెండు మూడు సీసాల నీళ్లు పొర్లిపోనిచ్చి నింపు. మాంగనీస్ సల్ఫేట్ 1 మి.లీ., క్షార అయోడైడ్-అజైడ్ 1 మి.లీ. వేసి, బుడగ లేకుండా మూత బిగించి తిరగేసి కలుపు. గోధుమరంగు మడ్డి దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగానే ఉంటే లేనట్టే. మడ్డి సగానికి దిగాక గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 1 మి.లీ. వేసి కలిపితే కరిగిపోతుంది. అందులో 201 మి.లీ. తీసి 0.025 నార్మల్ గాఢత ఉన్న థయోసల్ఫేట్ ద్రావణం కొద్దికొద్దిగా పోస్తూ రా. లేత గడ్డిరంగు వచ్చాకే గంజి ద్రావణం వెయ్యి. తొందరపడి ముందే వేస్తే నీలం ఓ పట్టాన వదలదు. నీలం పోయేసరికి ఎన్ని మి.లీ. పట్టిందో, లీటరుకు అన్ని మిల్లీగ్రాముల ఆక్సిజన్. పోయిన నీలం కాసేపటికి మళ్లీ వస్తే పట్టించుకోకు.

అమ్మోనియా అంకె పక్కన పీహెచ్, ఉష్ణోగ్రత లేకపోతే ఆ అంకెతో పనిలేదు. 30 డిగ్రీల దగ్గర పీహెచ్ 8 ఉంటే మొత్తంలో 7-8 శాతమే చేపకు విషమయ్యే రూపంలో ఉంటుంది. పీహెచ్ 9కి అదే దాదాపు 45 శాతం! పొద్దున బాగున్న చేప మధ్యాహ్నం ఎందుకు తల్లడిల్లుతుందో ఇక్కడే తెలుస్తుంది.

గాలి రోజున బురద లేచి ఫాస్ఫరస్ ఎక్కువ చూపిస్తుంది. వడగట్టిన నమూనా, వడగట్టనిది రెండూ పంపు. కొల్లేరును సముద్రంతో కలిపే ఉప్పుటేరు వైపు వేసవిలో ఉప్పునీరు ఎగదన్నుతుంది, బరువెక్కువ కాబట్టి అడుగున పడుకుంటుంది. ఉప్పదనం చెప్పే విద్యుత్ వాహకత పైన, కింద రెండుచోట్లా చూసి, పోటో ఆటో రాయి. గుర్రపు డెక్క కింది నీళ్లనూ బయటి నీళ్లనూ ఒకే సీసాలో కలపకు.

పుస్తకంలో పెన్సిల్‌తోనే రాయి, తడిస్తే ఇంకు అలుక్కుపోతుంది.

మీ మామయ్య