డేటా బయటపెట్టే ముందు: మేనకోడలికి ఒక ఉత్తరం

బరంపురం

అమ్మాయికి మావయ్య దీవెనలు.

నీ థీసిస్ సర్వే డేటాను అందరితో ఎలా పంచుకోవాలో సర్వే మొదలుపెట్టకముందే అడిగావు, మంచి పని చేశావు. డేటాను నలుగురికీ అందుబాటులో ఉంచడమంటే థీసిస్ ఇచ్చేశాక చివరి వారంలో ఫైళ్లు ఎక్కించడమే అనుకుంటారు చాలామంది. అప్పటికి ఏ కాలమ్‌లో ఏముందో రాసినవాళ్లకే గుర్తుండదు. పైగా నువ్వు ఇటు ఒడిశాలో గజపతి, రాయగడ పల్లెల్లోనూ, అటు ఆంధ్రలో శ్రీకాకుళం, మన్యం పల్లెల్లోనూ వరి దిగుబడి లెక్కలు తీస్తున్నావు. అందరికీ ఉండే చిక్కులకు తోడు నీకు సరిహద్దు చిక్కులు కూడా ఉంటాయి. ముందు వాటి సంగతే చెబుతాను.

మొదటిది కొలతలు. ఒడిశాలో గుంట అంటే ఎకరంలో 25వ వంతు, అంటే 4 సెంట్లు. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు, అంటే గుంటకు రెండున్నర సెంట్లే. మన ఆంధ్ర పల్లెల్లో గుంట మాటే ఎత్తరు, అంతా సెంట్లలోనే. ఒడిశాలోని గుణుపురం రైతు 10 గుంటల మడిలో 6 క్వింటాళ్లు పండాయన్నాడనుకో. అసలు లెక్క ఎకరాకు 15 క్వింటాళ్లు. నీ ఫైలు దించుకున్న హైదరాబాదు కుర్రాడు తన గుంటలతో లెక్కేస్తే 24 వస్తుంది. వాడి తప్పేం లేదు, ఏ గుంటో నువ్వు రాయలేదు. అందుకని రైతు చెప్పిన అంకె ఒక కాలమ్‌లో, చెప్పిన కొలత పేరు రెండో కాలమ్‌లో, ఎకరాల్లోకి మార్చినది మూడో కాలమ్‌లో ఉంచు. మార్చిన సూత్రం కోడ్‌బుక్‌లో, అంటే ఏ కాలమ్‌లో ఏముందో చెప్పే పత్రంలో రాయి. రైతు నోట వచ్చిన అంకెను మాత్రం చెరపకు. మార్పులో పొరపాటు జరిగితే వెనక్కి వెళ్లడానికి అదొక్కటే దారి. బస్తా సంగతీ అంతే. ఒకచోట 75 కిలోలు, ఇంకోచోట 80. కుంచమైతే ఊరూరికీ మారుతుంది, కాబట్టి ప్రతి ఊళ్లో ఒక కుంచెడు ధాన్యం తూకం వేయించి ఆ అంకె రాసుకో.

రెండోది పేర్లు. స్వర్ణ అని ఇటు రైతు చెబుతాడు, 7029 అని అటు రైతు చెబుతాడు. రెండూ ఒకటే, ఎంటీయూ 7029 రకానికే స్వర్ణ అని పేరు. ఆ సంగతి తెలియని కంప్యూటరు రెండు రకాలుగా లెక్కగడుతుంది. స్వర్ణ సబ్-1 మాత్రం వేరే, దాన్ని ఇందులో కలపకు. ఊళ్ల పేర్లూ ఇలాగే తిప్పలు పెడతాయి. పర్లాకిమిడి, పర్లాఖెముండి ఒకే ఊరు. కోరాపుట్ జిల్లా జయపురాన్ని ఇంగ్లిషులో కొట్టి మ్యాపులో వెతికితే రాజస్థాన్ జైపూరుకో, ఒడిశాలోనే ఉన్న జాజ్‌పూరుకో పోతుంది. బరంపురాన్ని పశ్చిమ బెంగాల్ ముర్షిదాబాద్ జిల్లా బహరంపూరుగా తీసుకున్న మ్యాపులు లేకపోలేదు. విరుగుడు ఒక్కటే: పేరు పక్కన 2011 జనగణన ఇచ్చిన ఆరంకెల గ్రామ కోడ్ వేయి. పేరు ఎన్ని రకాలుగా రాసినా కోడ్ మారదు.

జిల్లా కాలమ్‌లో ఏ సంవత్సరం నాటి జిల్లానో కూడా చెప్పాలి. గజపతి, రాయగడ 1992లో ఏర్పడ్డాయి, అంతకుముందు అవి గంజాం, కోరాపుట్ జిల్లాల్లో భాగం. అటువైపు భామిని, సీతంపేట మండలాలు 2011 జనగణనలో శ్రీకాకుళం కింద కనిపిస్తాయి, 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నాయి. నీ డేటాను పాత జనాభా లెక్కలతో కలపబోయిన వాళ్లకు ఈ మండలాలు మాయమైనట్టుంటుంది.

ఇక లిపి. తెలుగు జవాబుల్ని అను ఫాంట్లలోనూ, ఒడియా జవాబుల్ని ఆకృతి ఫాంట్లలోనూ కొట్టించావా, ఆ ఫాంటు లేని కంప్యూటరులో అవి పిచ్చి గీతలే. డీటీపీ కుర్రాళ్లకు అవి చేతికి అలవాటు, అడక్కపోతే అందులోనే కొడతారు. ఏ కంప్యూటరులోనైనా కనిపించే యూనికోడ్‌లోనే కావాలని ముందే చెప్పు. సవర గిరిజనుల భాషలోని మాటలైతే నిర్ణయం నువ్వే తీసుకోవాలి. ఆంధ్రలో తెలుగు లిపిలో రాస్తారు, ఇటు ఒడియాలో రాసేవాళ్లున్నారు, 1936లో మంగేయి గొమాంగో రూపొందించిన సొరంగ్ సొంపెంగ్ లిపి కూడా 2012 నుంచి యూనికోడ్‌లో ఉంది. ఏదో ఒక్క లిపికి కట్టుబడి, పక్కన అంతర్జాతీయ ధ్వని లిపిలో ఉచ్చారణ వేస్తే ఎవరికైనా పనికొస్తుంది.

ఎక్సెల్‌ను నమ్మి చెడినవాళ్లు చాలామంది ఉన్నారు. డోరు నంబరు 4-12 అని కొట్టి ఎంటర్ నొక్కి చూడు, కంప్యూటరు సెట్టింగును బట్టి ఏప్రిల్ 12 గానో డిసెంబరు 4 గానో మారి కూర్చుంటుంది. ఇంటి వరుస నంబరు 007 అంటే ముందున్న సున్నాలు ఎగిరిపోయి 7 మిగులుతుంది. జీవశాస్త్రంలో మార్చ్1, సెప్ట్2 లాంటి జన్యువుల పేర్లు తేదీలైపోతుంటే, ఎక్సెల్‌తో వేగలేక 2020లో ఆ జన్యువుల పేర్లే మార్చేశారు! టైపు చేయకముందే ఆ కాలమ్ మొత్తాన్ని ఎంచుకుని ఫార్మాట్ ‘టెక్స్ట్’ అని పెట్టు. తర్వాత మారిస్తే పోయినవి తిరిగిరావు. తేదీలు 2025-11-03 వరుసలో, అంటే సంవత్సరం, నెల, రోజు. దాచేటప్పుడు ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అన్న రకాన్నే ఎంచుకో, సీఎస్‌వీ అంటే ఏ ప్రోగ్రామైనా తెరవగల సాదా పట్టిక ఫైలు. మామూలు సీఎస్‌వీగా దాస్తే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి, ఆ ఫైలును మళ్లీ బాగుచేయడం ఎవరివల్లా కాదు.

జవాబు రాని గడిలో సున్నా వేయకు, ‘జవాబు లేదు’ అనడానికి కొందరు వేసే -99 కూడా వేయకు. 240 ఇళ్లలో అయిదింటికి -99 ఉందనుకో, మిగతావి సగటున 15 క్వింటాళ్లు అనుకో. మొత్తం సగటు 12.6కి దిగుతుంది. మైనస్ వస్తే ఎవరైనా పట్టుకుంటారు, 12.6 ఎవరికీ అనుమానం రాని అంకె. గడి ఖాళీగా వదిలి, పక్క కాలమ్‌లో కారణం రాయి: తెలియదన్నారా, చెప్పనన్నారా, ఆ ప్రశ్న వాళ్లకు వర్తించదా.

ఫోల్డర్లు మూడు చాలు: ముడి డేటా, శుభ్రం చేసిన డేటా, కోడ్ (ప్రోగ్రాములు). ముడి డేటా ఫైళ్లు వచ్చిన రోజే ‘రీడ్ ఓన్లీ’ చేసేయి. తర్వాత ఏ దిద్దుబాటైనా చేత్తో కాదు, ఆర్‌లోనో పైథాన్‌లోనో రాసిన కోడ్‌తోనే జరగాలి. ఏ వరుస ఎందుకు తీసేశావో అప్పుడు ఆ కోడే చెబుతుంది. మూడు కాపీలు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి వేరే ఊళ్లో ఉండేలా చూసుకో. పెన్‌డ్రైవ్‌ను కాపీగా లెక్కపెట్టకు, అది బజారు సంచి లాంటిది.

ఇప్పుడు మనుషుల సంగతి. సమ్మతి పత్రంలో ‘ఈ వివరాలు నేను తప్ప ఎవరూ చూడరు, పని అయ్యాక చెరిపేస్తాం’ అని ఒక వాక్యం పాత నమూనాల్లో ఉంటుంది. గైడు గారి దగ్గర ఉన్న నమూనాలో కూడా ఉండొచ్చు, చూసుకో. అది ఉన్నచోట సంతకం పెట్టించుకుంటే ఆ డేటాను తర్వాత ఎవరితోనూ పంచుకోలేవు, అది మాట తప్పడమే అవుతుంది. బదులుగా ‘పేర్లు తీసేసి, వేరే పరిశోధకులకు కూడా పనికొచ్చేలా భద్రపరుస్తాం’ అని రాసి, దానికి విడిగా అవును, కాదు గడులు పెట్టు. ఎథిక్స్ కమిటీకి ఆ పత్రమే పంపు. చదువురాని వాళ్లకు వాళ్ల భాషలో, అది సవర కావచ్చు ఒడియా కావచ్చు, చదివి వినిపించి, మీ బృందానికి చెందని సాక్షి ఎదుట వేలిముద్ర తీసుకో.

పేర్లు తీసేస్తే మనిషి కనపడడనుకోవడం అమాయకత్వం. నలభై గడపల ఊళ్లో పన్నెండు ఎకరాలున్న రిటైర్డు మేష్టారు ఒక్కడే ఉంటాడు. ఊరి కోడ్, వృత్తి, భూమి మూడూ పక్కపక్కన ఉంటే ఆ ఊరివాడెవడైనా వరుస చూడగానే ‘ఫలానా మేష్టారు’ అంటాడు, ఆయన అప్పెంతో కూడా పక్క కాలమ్‌లో చదువుకుంటాడు. వయసును అయిదేళ్ల విడతల్లో చెప్పు, భూమిని తరగతులుగా చెప్పు. ఏ కలయిక తీసినా కనీసం అయిదు ఇళ్లు రావాలి, రాకపోతే ఒక వివరం తీసేయి. జీపీఎస్ అంకెల్లో దశాంశం తర్వాత అయిదు అంకెలుంటే గడప దాకా వెళ్లొచ్చు, రెండుంచితే సుమారు కిలోమీటరు మసక వస్తుంది. కొండమీద విడిగా ఉన్న గూడేనికి అదీ చాలదు, బ్లాక్ పేరుతో ఆపు. ఊరి కోడ్ ఉన్న పూర్తి ఫైలును అనుమతి అడిగినవాళ్లకే ఇచ్చేలా వేరుగా ఉంచొచ్చు. గొంతు రికార్డులు బయటపెట్టకు, గొంతే మనిషి ఆనవాలు. పేర్లకూ నంబర్లకూ ముడిపెట్టే జాబితాకు వెరాక్రిప్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో తాళం వేసి, డేటా ఉన్న చోట కాకుండా వేరే చోట పెట్టు. సవర పెద్దలు మందు మొక్కల గురించి చెప్పిన మాటలుంటే వాటిని వాళ్లనడక్కుండా ఎక్కించనే వద్దు.

ఎక్కడ పెట్టాలంటావా, నేనైతే జెనోడో అనే ఆన్‌లైన్ డేటా భాండాగారం అంటాను. జెనీవాలోని సెర్న్ సంస్థ 2013 నుంచి నడుపుతోంది, ఖర్చు లేదు, ఒక్కో రికార్డుకు 50 జీబీ దాకా, 100 ఫైళ్ల దాకా పడుతుంది. ముందు పరిశోధకులకు నంబరిచ్చే ఆర్కిడ్‌లో నీ 16 అంకెల గుర్తింపు తీసుకో, పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్నా నీ పని నీ పేరుమీదే ఉంటుంది. జెనోడోలో ప్రచురించాక ఫైలు మార్చాల్సి వస్తే కొత్త వెర్షన్ పెట్టు. రెండు డీఓఐలు (శాశ్వత చిరునామాలు) కనిపిస్తాయి: ఒకటి ఆ వెర్షన్‌ది, ఇంకోటి అన్ని వెర్షన్లదీ కలిపి. పేపర్లో వెర్షన్ డీఓఐనే ఇవ్వు, నీ అంకెలు ఏ ఫైలు నుంచి వచ్చాయో అది చూపిస్తుంది. లైసెన్సు సీసీ బై 4.0 పెట్టు, అంటే నీ పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు. థీసిస్ కాకముందే ఎవరైనా వాడేసుకుంటారని గైడు గారు భయపడితే ఎంబార్గో తేదీ వేయి. వివరణ, డీఓఐ బయట కనిపిస్తాయి, ఫైళ్లు మాత్రం ఆ తేదీ దాకా తెరుచుకోవు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఫైళ్లు డీహెచ్‌ఎస్ అనే అంతర్జాతీయ సర్వేల కార్యక్రమం నుంచి తీసుకుని వాడితే వాటిని నువ్వు తిరిగి పంచకూడదు. ఎక్కడ దొరుకుతాయో చెప్పి, నీ కోడ్ ఇస్తే చాలు.

మన దేశపు థీసిస్‌లు దాచే శోధ్‌గంగ వెబ్‌సైటులో థీసిస్ ఉంది కదా అంటారు. అందులో పీడీఎఫ్ పట్టికలుంటాయి, వాటితో లెక్క కట్టలేం. ‘అడిగితే ఇస్తాం’ అన్న వాక్యం అంతకంటే అధ్వానం. 2022లో వచ్చిన ఒక పరిశీలనలో అలా మాటిచ్చిన 1,792 పేపర్ల రచయితల్ని నిజంగానే అడిగారు. ఇచ్చినవాళ్లు 122 మంది.

పారదర్శకత అంటే ఫైళ్లొక్కటే కాదు. ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నావో, ఏ లెక్కతో తేలుస్తావో ఊళ్లోకి అడుగుపెట్టకముందే ఓఎస్‌ఎఫ్ (ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్) వెబ్‌సైటులో నమోదు చేయి. డేటా చేతికొచ్చాక ఇరవై రకాల పోలికలు చేసి చూస్తే, నిజానికి ఏమీ లేకపోయినా, ‘కాకతాళీయంగా వచ్చే అవకాశం అయిదు శాతం లోపే’ అన్న గీత దగ్గర కనీసం ఒకటి ‘ఉంది’ అని తేలే అవకాశం 64 శాతం. ఆ ఒక్కదాన్నే పేపర్లో రాసి మిగతా పందొమ్మిదీ మింగేయడమే మన యూనివర్సిటీల్లో అందరూ చేసి ఎవరూ ఒప్పుకోని పని. ప్లాన్ మారితే మారనీ, ఎందుకు మారిందో తేదీతో రాయి. ఎన్ని ఇళ్ల తలుపు తట్టావు, ఎందరు కాదన్నారు, చివరికి ఎన్ని వరుసలు లెక్కలోకొచ్చాయి, ఈ మూడు అంకెలూ పేపర్లో ఉండాలి.

పైలట్ సర్వేలో మొదటి 20 ఇళ్లు అవగానే పేర్లు తీసేసిన సీఎస్‌వీ, కోడ్‌బుక్, రీడ్‌మీ (ఫైళ్లను ఎలా వాడాలో చెప్పే నోటు), ఈ మూడే నాకు పంపు. ఫోన్లో ఏమీ చెప్పకు. ఎకరాకు సగటు దిగుబడి నేనే కట్టి పంపుతాను. నీ అంకెతో కలవకపోతే ఎక్కడ ఆగిపోయానో గుర్తుపెట్టి పంపుతా, అక్కడ రీడ్‌మీలో ఒక వాక్యం చేర్చి, ఆ తర్వాతే 21వ ఇంటికి వెళ్లు.

మీ అమ్మను అడిగినట్టు చెప్పు.

మావయ్య