విరాళాల లెక్క: సాఫ్ట్‌వేర్‌కూ బ్యాంకుకూ తేడా ఎందుకొస్తుంది?

ప్రశ్న: మా ట్రస్టు పిల్లల వసతిగృహం నడుపుతోంది. 2024-25 విరాళాలు సాఫ్ట్‌వేర్‌లో రూ.18,64,500. బ్యాంకు జమలు, నగదు పుస్తకం కలిపితే రూ.17,92,400. ఒక దంపతులిచ్చిన రూ.50,000 ఇద్దరి పేర్ల మీదా కనిపిస్తోంది. ఆడిటరుకు ఏ మొత్తం ఇవ్వాలి?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అప్పుడే ఏదీ ఇవ్వకండి. రూ.72,100 తేడాలో రూ.50,000 ఆ దంపతులదే. కుటుంబ సభ్యులను జతచేస్తే చాలా సాఫ్ట్‌వేర్‌లు ఒకే విరాళాన్ని ఇద్దరి ఖాతాల్లోనూ చూపిస్తాయి. ఒకటి అసలు జమ, రెండోది గుర్తింపు కోసం వేసింది. రిపోర్టు ఫిల్టర్‌లో రెండోదాన్ని తీసేయండి. రసీదు మీద పేరు, పాన్ డబ్బు చెల్లించినవారివే ఉండాలి.

మిగతా రూ.22,100 కోసం ఏడాది మొత్తాలతో కుస్తీ పట్టొద్దు. నెలనెలకూ విడగొట్టి, ప్రతి నెలలో నగదు, చెక్కు, యూపీఐ, గేట్‌వే (ఆన్‌లైన్ చెల్లింపులు తీసుకుని బ్యాంకుకు పంపే సేవ) వేరువేరుగా పోల్చండి. బౌన్సయినా రద్దుచేయని చెక్కులు, ఇస్తామని మాటిచ్చి ఇంకా ఇవ్వని మొత్తాలు ముందు చూడండి. ఆ తర్వాత గేట్‌వే. దాత రూ.10,000 కడితే, 2 శాతం రుసుము, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి రూ.236 పోయి బ్యాంకులో రూ.9,764 పడుతుంది. విరాళం రూ.10,000గానే రాయాలి, రూ.236 ఖర్చు కింద వేయాలి. ఈ తేడా తప్పు కాదు, దాన్ని సరిచేయబోయి విరాళాన్ని తగ్గించకండి.

మార్చి 31ని ప్రత్యేకంగా చూడండి. కొన్ని రిపోర్టుల్లో ముగింపు తేదీ 31-03-2025 అని ఇస్తే ఆ రోజు మొదలయ్యే అర్ధరాత్రి దగ్గరే లెక్క ఆగిపోతుంది, ఆ రోజు వచ్చిన విరాళాలన్నీ జారిపోతాయి. సర్వర్ మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే గ్రీనిచ్ సమయంలో ఉంటే ఏప్రిల్ 1 తెల్లవారుజామున 5.30 లోపు వచ్చినవి పాత ఏడాదిలో కలుస్తాయి. విదేశీ సాఫ్ట్‌వేర్ అయితే సంవత్సరం జనవరితో మొదలవుతోందేమో సెట్టింగుల్లో చూడండి. ఫిల్టర్‌కు ఎంట్రీ చేసిన తేదీ కాదు, విరాళం అందిన తేదీ పెట్టాలి. మార్చి రసీదు పుస్తకాన్ని ఏప్రిల్‌లో ఎక్కించే చోట ఈ పొరపాటు తప్పకుండా దొర్లుతుంది.

ప్రశ్న: బియ్యం బస్తాలు, రూ.5,000 నగదు ఇచ్చిన దాత 80జి (విరాళంపై ఆదాయపు పన్ను) మినహాయింపు అడుగుతున్నారు. సాఫ్ట్‌వేర్ రెండూ కలిపి చూపిస్తోంది.
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: రెండింటికీ మినహాయింపు రాదు. వస్తురూప విరాళానికి 80జి వర్తించదు, నగదైతే రూ.2,000 దాటకూడదు. ఈ సంగతి దాతకు డబ్బు తీసుకునేటప్పుడే చెప్పడం మన బాధ్యత. సాఫ్ట్‌వేర్‌లో చెల్లింపు విధానం గడిని తప్పనిసరి చేసి, ‘అందిన మొత్తం’, ‘80జి అర్హత ఉన్న మొత్తం’ అని రెండు రిపోర్టులు పెట్టుకోండి. విరాళాల వివరాలతో ట్రస్టు ఆదాయపు పన్ను శాఖకు ఇచ్చే ఫారం 10బిడిలోనూ నగదు, వస్తువు, ఎలక్ట్రానిక్ చెల్లింపు విడివిడిగా అడుగుతారు. 2024-25కి దాని గడువు 2025 మే 31. దాటితే రోజుకు రూ.200 రుసుము. అది దాఖలు చేశాకే దాతలకిచ్చే 10బిఇ (విరాళ ధ్రువీకరణ) పత్రాలు ఆ శాఖ పోర్టల్‌లో వస్తాయి.